మా వదిన కుడికాలి తాళం

మా వదిన నాగవేణికి గొంతుంది, ముప్పై రెండేళ్ళ వయసుంది, బడిలో సంగీతం టీచర్ కావాలన్న పిచ్చి ఉంది. లేనిదల్లా రూపక తాళం.

ఎమ్మిగనూరులో మాది నేత ఇల్లు. ఆమె పాట నేర్చుకున్నది గుంట మగ్గంలో కూర్చునే. చేతులకు నూలు నాడె అటూ ఇటూ విసిరే పని, కాళ్ళకు కింది చెక్కలు తొక్కే పని, ఖాళీగా ఉన్నది నోరొక్కటే. కుడికాలు, ఎడమకాలు, కుడికాలు, ఎడమకాలు. ఏ పాటైనా, ఏ వరుసైనా కుడికాలి మీదే ఎత్తుకోవడం ఆమెకు అలవాటు. ఎనిమిది దెబ్బల ఆదితాళానికి అది అమోఘంగా సరిపోయింది.

ఈ మే నెలలో ఆదోనిలో సంగీతం టీచర్ల శిక్షణలో చేరింది. నేను డిగ్రీ రెండో ఏడు మధ్యలో వదిలేసి ఊరు తిరిగేవాణ్ణి కాబట్టి, రోజూ బైకు మీద తీసుకుపోయే పని నా నెత్తిన పడింది. నిజం చెప్పాలంటే, ఇంట్లో కూర్చుని తిట్లు తినడం కన్నా అదే హాయి.

విశ్వేశ్వరయ్య మాస్టారు రూపకం మొదలుపెట్టిన రోజునే గోల మొదలైంది. మూడే దెబ్బలు: తొడ మీద రెండు, అరచెయ్యి తిప్పి ఒకటి. వదిన మొదటి మూడూ దివ్యంగా వేసింది. తర్వాత ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు ఒక దెబ్బసేపు ఆగి, అప్పుడు రెండో చుట్టు ఎత్తుకుంది.

"ఆ నాలుగోది ఎవరికమ్మా?" అన్నారు మాస్టారు.

"తెలీదు సార్. అదే వస్తాండాది."

"రావద్దని చెప్పు."

చెప్పినా వినలేదు. మూడు వారాలైనా మూడు నాలుగవుతూనే ఉంది. జూన్‌లో తరగతి పరీక్ష. నిజమైన పిల్లలకు అరగంటలో రూపకంలో ఒక పాట నేర్పి చూపాలి. తప్పితే సర్టిఫికెట్ లేదు, ఇంకో అవకాశమూ లేదు. సర్టిఫికెట్ తెస్తే చాలు, ఉద్యోగం ఇస్తామని కోడుమూరులో ఒక బడివాళ్ళు మాటిచ్చి ఉన్నారు.

అందరూ ఆమె చేతులనే చూశారు. కిటికీ బయట నిలబడే నాకు మాత్రం బల్ల కింద పాదాలు కనిపించాయి. కుడి, ఎడమ, కుడి. అక్కడికి మూడు. రెండో చుట్టు ఎడమకాలి మీద మొదలవ్వాలి. ఆమె మొదలుపెట్టదు. కుడికాలి వంతు వచ్చేదాకా ఆగుతుంది.

ఇంటికి వస్తూ దారిలో చెప్పాను. "వదినా, నీ సెయ్యి మంచిదే. కాలే మొండిది."

"కాలు గమ్మునే ఉంది కదప్పా."

"యాడ గమ్మునుంది? బల్ల కింద సీర నేస్తాండాది."

ఆమె నవ్వుతూ వీపు మీద ఎంత గట్టిగా చరిచిందంటే బండి రోడ్డు దిగి కంకర మీదికి పోయింది.

మర్నాటి నుంచి కాళ్ళు కదలకుండా బాసింపట్టు వేసుకుని సాధన చేసింది. కాళ్ళు ఆగాయి. గొంతు కూడా ఆగింది. మా అమ్మ కస్తూరమ్మ వంటింట్లోంచి, "ఏమే, కాళ్ళతో పాటు పాటనూ మడిసిపెట్టినావా?" అంది.

పరీక్ష రోజు శ్రుతి పెట్టె మోసుకొచ్చినందుకు నన్నూ గదిలో ఒక మూల ఉండనిచ్చారు. ఆరో తరగతి పిల్లలు నలభై మంది. వెనక బెంచీలో పరీక్షాధికారి రాజేశ్వరి మేడం, చేతిలో పెన్ను. వదిన మూడు దెబ్బలు వేసి, ఆగింది. నలభై మందీ ఎంతో భక్తిగా మూడు వేసి, ఆగారు. తప్పును అంత ఒద్దికగా నేర్చుకున్న తరగతిని నేను మళ్ళీ చూడలేదు. మేడం ఏదో రాసుకుంది. వదిన మళ్ళీ వేసింది. మళ్ళీ ఆగారు. మేడం మళ్ళీ రాసుకుంది.

వదిన నా వైపు చూసింది. నేను నా ఎడమకాలు చూపించాను.

ఆమె చెప్పులు విడిచి పక్కకు తోసింది. "అందరూ లేయండి. సేతులు కట్టుకోండి. కుడి, ఎడమ, కుడి. ఇప్పుడు ఎడమకాలితో మొదలు."

ముందు వరుసలో ఉన్న భవ్యశ్రీ అనే పిల్ల చెయ్యెత్తింది. "ఎడమకాలు ముందు పెడితే మా అవ్వ తిడతాది టీచర్."

"మా అత్త కూడా తిడతాది. పాట ఐపోయేదాకా ఇద్దరినీ బయట కూర్సోబెడదాం."

ఇక చూడాలి. కుడి ఎడమ కుడి, ఎడమ కుడి ఎడమ. దుమ్ము లేచింది. బల్లలు ఊగాయి. పక్క గది పిల్లలు కిటికీలకు వేలాడారు. మధ్యలో ఆగేందుకు ఎవరికీ సందు దొరకలేదు, మా వదినకైతే అసలే దొరకలేదు. గొంతు మగ్గంలో ఉన్నప్పటిలాగే ఖంగున లేచింది.

"తాళం చేత్తో వేయించాలి కదమ్మా," అంది రాజేశ్వరి మేడం, అరిచినంత పని చేస్తూ.

"ఏయిస్తాను మేడం. కాళ్ళు ముందు పోతాండాయి, సేతులు ఎనక వస్తాయి."

వచ్చాయి. పిల్లలు కూర్చున్నాక నలభై చేతులు ఆగకుండా మూడేసి వేశాయి. మేడం ఊరుకోలేదు. వదినను కుర్చీలో కూర్చోబెట్టి, ఒంటరిగా పాడమంది. "కాళ్ళు కదలకుండా పాడగలవా?"

"పాడలేను మేడం. కదిలినా తాళం తప్పను."

మేడం బెంచీ మీద నుంచి వంగి, పాటంతా ఆ పాదాలనే చూసింది. ఎడమకాలి మీద ఎత్తుకున్న ప్రతిసారీ నా గుండె జారింది. పాట జారలేదు. మేడం కాగితం మీద పాస్ అని రాసి, కింద గీత గీసి, "గోల తగ్గించుకోమ్మా" అంది.

వదిన తగ్గించుకోలేదు. జులై మొదటి వారంలోనే కోడుమూరు బడిలో కింది గది లెక్కల సారు హెడ్‌మాస్టరుకు అర్జీ పెట్టుకున్నాడు. సంగీతం తరగతిని మేడ మీద నుంచి ఆటస్థలానికి దించారు.