తెలుసు అనే మాట

నా ఉద్యోగం పులివెందులలో. ఆదివారం పొద్దున్నే ప్రొద్దుటూరులో బస్సు దిగి మా వీధిలోకి తిరగగానే మలుపులోని టీ అంగడి నుంచి దంచిన అల్లం ఘాటు, పొంగిన పాల మాడు వాసన కలిసి ముక్కుకు తగులుతాయి. వెంటనే సుగుణత్త గుర్తొస్తుంది. ఆమె గానీ నేను గానీ ఆ అంగట్లో ఏనాడూ టీ తాగినవాళ్లం కాదు. మాది మోర్మన్ అనే క్రైస్తవ సంఘం. టీ, కాఫీ ముట్టం. నాన్న హైదరాబాదులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఆ నమ్మకంలోకి వచ్చి, ఊరికి తిరిగొచ్చాక నాలుగైదు కుటుంబాలను కూడగట్టి మా మిద్దె మీద గదిలో ఆదివారం ఆరాధన మొదలుపెట్టాడు. వీధిలో వాళ్లకు మా సంఘం పేరు నోరు తిరగలేదు. "టీ తాగనోళ్లు" అని సులువుగా తేల్చేశారు.

సుగుణత్త మాకు చుట్టం కాదు. బట్టల బజారులో రవికె గుడ్డల అంగడి నడిపేది. భర్త వెంట సంఘంలోకి వచ్చి, ఆయన పోయాక కూడా రావడం మానలేదు. మాట కటువు, నవ్వు పెద్దది. ఒకసారి జమ్మలమడుగులో ఆమె ఆడబిడ్డ భర్తకు ఒంట్లో బాగాలేదంటే చూడడానికి నన్ను తోడు తీసుకుపోయింది. ఆ ఇల్లాలు ఏడ్చిన కళ్లతోనే టీ తెచ్చింది. "మేం తాగం, మా మతంలో పనికిరాదు" అన్నాను ఠక్కున. ఆమె ముఖం చిన్నబోయింది. సుగుణత్త మాత్రం గ్లాసు అందుకుని, రెండు చేతుల మధ్య పెట్టుకుని, ఆమె కష్టమంతా విని, చల్లారిన గ్లాసును మెల్లగా పక్కన పెట్టింది. ఎవరూ ఏమీ అనుకోలేదు. తిరుగు బస్సులో నాకు బాగా తలంటింది. "తాగొద్దన్నారు గానీ పట్టుకోవద్దన్నారా? గ్లాసు తీసుకుంటే కాసేపు కూచుంటామని ఆమె ఆశ. నువ్వేమో మతం దాకా పోతివి."

ప్రొద్దుటూరు బంగారం ఊరు. మా గ్రంథం మొదట బంగారు రేకుల మీద రాసి ఉండేదని నాన్న ఒకనాడు బజారులో చెబితే, నగల అంగడాయనకు తూకం మీదికే మనసు పోయింది.

"రేకులంటే ఎంత తూకముంటాయప్పా? ఇప్పుడు యాడుండాయి?"

"దేవదూత మళ్లీ తీసుకుపోయినాడు మామా" అన్నాడు నాన్న.

"రసీదు గూడా ఈకుండానేనా?"

అంగడంతా ఘొల్లుమంది. నాన్న కూడా నవ్వేశాడు. పక్కన నిలబడ్డ నాకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. అంగడాయన వేళాకోళానికి అడిగిన ప్రశ్ననే, దీనికంతా రుజువేదని, నేను మోకాళ్ల మీద కూర్చుని దేవుణ్ణి అడుగుతున్న రోజులవి.

నెలలో తొలి ఆదివారం మాకు ఉపవాసం. ఆ రోజు ఎవరికి తోస్తే వాళ్లు లేచి సాక్ష్యం చెబుతారు. ఎవరు ఎక్కడ మొదలుపెట్టినా "ఈ సంఘం సత్యమని నాకు తెలుసు" అన్న మాట దగ్గరికే వచ్చి ఆగుతారు. నమ్ముతున్నాను అనమంటే ఏదోలా సరిపెట్టుకునేదాన్ని. తెలుసు అనే మాట దగ్గరే ఆగిపోయేదాన్ని. ప్రార్థిస్తే లోపలి నుంచి జవాబు వస్తుందన్నారు. డిగ్రీ చదివిన కాలమంతా ఎదురుచూశాను. రాలేదు. అమ్మ మాత్రం ప్రతి నెలా నావైపు ఆశగా చూసేది. సంఘం నడిపే మనిషి కూతురే లేవకపోతే ఎలాగని ఆమె దిగులు. తెలియదంటే అమ్మ కుమిలిపోతుంది, తెలుసంటే అబద్ధం చెప్పినదాన్నవుతాను.

ఒక మధ్యాహ్నం బేరాలు లేని వేళ సుగుణత్త అంగట్లో బయటపడ్డాను.

"అత్తా, నాకు తెలీదు."

"ఏంది తెలీనిది?"

"అందరూ తెలుసంటారే, అదే."

ఆమె గుడ్డలు మడత పెట్టడం ఆపలేదు. "నాకు మాత్రం తెలుసా ఏంది?"

ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే మనిషి! "మరి వారం వారం ఎందుకొస్తాండావు?"

"మీ మామ మంచాన పడినప్పుడు మీ నాయన దినమూ వచ్చి ఆయనకు గడ్డం గీసినాడు. అట్లాంటి మనుషుల నడుమ కూచుంటే నాకు శానా బాగుంటాది. దేవుడు పలుకుతాడేమోనని ఇంగా చూస్తాండా. రావడం అబద్ధం గాదు పాపా. తెలీకుండా తెలుసంటే అది అబద్ధం. అందుకే నేను లెయ్యను."

అప్పుడు తట్టింది. ఆమె సాక్ష్యం చెప్పడం నేనెన్నడూ వినలేదు. భర్త గుర్తొచ్చి నోరు పెగలదేమోనని అందరం అనుకునేవాళ్లం.

తర్వాతి తొలి ఆదివారం లేచి నిలబడ్డాను. అమ్మ ముఖం వెలిగిపోయింది. అది చూసి తెలుసు అనేయబోయాను కూడా, కానీ అత్త మాట గుర్తొచ్చింది. "సంఘం సత్యమని నాకు తెలుసు అనలేను. నాకింకా తెలియలేదు. మా నాయన మంచాన పడిన మనిషికి దినమూ గడ్డం గీసినాడని మాత్రం తెలుసు. ఇప్పటికి నా సాక్ష్యం అంతే" అని కూర్చున్నాను. ఎవరూ ఆమెన్ అనలేదు. ఇంతలో ముందు వరసలోంచి సుగుణత్త లేచింది. "నాకూ తెలీదు. ఇన్నేండ్లూ ఎవరికీ చెప్పల్య. పాప ఒక్కతే నిలబడితే బాగుండదని లేచినా." నాన్న నెమ్మదిగా "ఆమెన్" అన్నాడు. మిగతావాళ్లూ అన్నారు. అమ్మ అనలేదు.

ఆనాటి నుంచి ఆరాధనలో నా పక్కన కూర్చోవడం మానేసింది అమ్మ. తన కూతుర్ని సుగుణత్త చెడగొట్టిందని ఆమె కోపం. అత్త మాత్రం వారం వారం మెట్లెక్కి వచ్చి, పలకరించని అమ్మను తానే పలకరించి, తన చోట తాను కూర్చునేది. సందేహం కలిగినవాళ్లు వెళ్లిపోవాలని, ఉండేవాళ్లకు సందేహమే రాకూడదని అనుకునేదాన్ని. నడుమ కూడా మర్యాదగా బతకవచ్చని నాకు చూపించిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె పోయి చాలా ఏళ్లయింది. చివరికి జవాబు వచ్చిందో లేదో నాతో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పటికీ ఆ ముందు వరస చూస్తే ఏడుపొస్తుంది.

మొన్న తొలి ఆదివారం, అందరూ వచ్చేలోపు చాపలు పరిచి కూర్చున్నాను. అమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఇంగా తెలీల్యా నీకు?"

"ఇంగా లేదుమా" అన్నాను. తల దించుకోలేదు. సుగుణత్త నాకిచ్చిపోయింది అదే.

అమ్మ కొంగు సర్దుకుంది. "సరే, రొంత జరుగు" అని నా పక్కన కూర్చుంది.