మేక మోకాలి చిప్ప

మా ఎక్స్‌రే గదికి మొన్న సున్నం వేశారు. పొద్దున్నే తలుపు తీయగానే తడి సున్నపు వాసన గుప్పున తగిలింది. నరసరావుపేటలో ఈ గదిలో ఇరవై ఏళ్లుగా జనం ఎముకలకు ఫొటోలు తీస్తున్నాను. కానీ ఆ వాసన వస్తే నాకు గుర్తొచ్చేది మనుషుల ఎముకలు కాదు, ఒక మేక ఎముకలు. వాటి వెనకే మా సుగుణమ్మ టీచర్. ఆవిడను తలుచుకుంటే ఎవరికైనా సంతోషం కలగాలి, నాకు మాత్రం సిగ్గేస్తుంది.

నడికుడి దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆవిడ జీవశాస్త్రం చెప్పేవారు. బడికంతటికీ ఉన్నది ఒక్క మైక్రోస్కోపు. దాని కింద ఉల్లిపొర పెట్టి మమ్మల్ని వరసగా చూడమనేవారు. అందులో కనబడే ఒక్కో గది ఒక్కో కణమనీ, ఒకే రకం కణాలు జట్టుకడితే కణజాలమనీ, అవి రకరకాలుగా కలిస్తే గుండె, ఊపిరితిత్తి అనీ చెప్పేవారు. ఎముక దగ్గరికి వచ్చేసరికి మేము దాన్ని కర్రముక్కతో సమానంగా చూస్తున్నామని ఆవిడకు కోపం వచ్చింది. "ఏమర్రా, ఎముకంటే రాయనుకున్నారా? దాంట్లోనూ కణాలున్నయ్. బతికుంది గనకే విరిగినా అతుక్కుంటది. రాయి అతుక్కుంటదా?" అన్నారు. ఆ మాట తరవాత నన్ను ఎంత గుచ్చుతుందో అప్పుడు నాకేం తెలుసు.

ఆ ఏడాది మా చేత మేక అస్థిపంజరం కట్టించారు. ఆదివారం ఆదివారం మాంసం కొట్టు మస్తాన్ మామ దగ్గర ఎముకలు అడిగి తెచ్చుకునేవాళ్లం. వాటిని ఉడికించి, గీకి, సున్నపు తేటలో నానేసి, బడి డాబా మీద ఎండబెట్టి, నల్లరంగు వేసిన చెక్క మీద తీగతో కట్టడం. కంపు భరించలేక మా అమ్మ నన్ను వారం రోజులు వంటింట్లోకి రానివ్వలేదు. ముందుకాలి రెక్క ఎముకను వెన్నుకు కలిపే ఎముక ఎంత వెతికినా దొరక్కపోతే, మేము ఓ పక్కటెముక విరిచి అక్కడ ఇరికించబోయాం. టీచర్ నవ్వి, మేకకు అక్కడ ఎముకే ఉండదనీ, ఆ కాలును పట్టుకుని ఉండేది కండేననీ చెప్పారు. తరవాత నవ్వు ఆపేసి, "లేనిదాన్ని తెచ్చి పెట్టమాకండి. ఉండాల్సింది దొరక్కపోతే చోటు వదిలి, దొరకలేదని చీటీ రాయండి" అన్నారు. తోక చివర అలాంటి చీటీలు రెండు అంటించాం కూడా.

చిన్న ఎముకల బాధ్యత నాది. నరసరావుపేటలో సైన్స్ ఎగ్జిబిషన్ రేపనగా, డాబా మీద ఆరబెట్టిన మోకాలి చిప్ప ఒకటి కాకి ఎత్తుకుపోయింది. ఆరోజు శుక్రవారం, మస్తాన్ మామ కొట్టు ఆదివారం దాకా తీయడు. నాలుగు అక్షరాలు చీటీ మీద రాస్తే సరిపోయేది. కానీ జట్టుకు లీడరును నేను, అందరూ నన్నే అంటారని భయం. మా వైపు సున్నపురాయికి కొదవేముంది? చిన్న ముక్క తీసుకుని, అరుగు మీద సాయంత్రందాకా నూరి, టీ నీళ్లలో నానబెట్టి, తీగ చుట్టి మోకాలికి కట్టేశాను. చూసినవాళ్లెవరూ పోల్చుకోలేదు. లోపల్లోపల నా పనితనానికి మురిసిపోయాను కూడా.

జడ్జిగా వచ్చిన పెద్దాయన దాన్ని వేలితో తట్టారు, గోటితో గీకారు. "ఏమ్మా, మీ ఊళ్లో మేకలకు రాతి మోకాళ్లుంటాయా?" అన్నారు. చుట్టూ ఉన్న వేరే బడుల పిల్లలు పగలబడి నవ్వారు. పిల్లలకు మోసం చేయడం నేర్పిస్తున్నారా అని ఆయన నలుగురిలో అడిగారు. టీచర్ మా ముఖాలు వరసగా చూశారు. నా దగ్గర చూపు కాసేపు ఆగింది. "నాదేనండీ తప్పు. నేనే పెట్టాను" అన్నారు. నేను తలొంచుకుని నా చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాను. తిరుగు ప్రయాణంలో బస్సులో ఆ చెక్కను ఆవిడే పట్టుకుని కూర్చున్నారు. ఆ తరవాత ఏ తరగతి చేతా అస్థిపంజరం కట్టించలేదని విన్నాను. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

పోయినేడు ఆవిడ మోకాలి నొప్పితో మా గదికే వచ్చారు. జుట్టు పూర్తిగా నెరిసింది, గొంతు మాత్రం అదే. ఫొటో తీశాక బల్ల దిగుతూ నా చెయ్యి పట్టుకుని, "చూడవే రమా, నా చిప్ప ఎముకేనా, రాయా?" అన్నారు. ఆవిడకు మొదటి నుంచీ తెలుసు. మాట నా నోటిదాకా వచ్చింది. బయట పేషెంట్లు తొందరపెడుతున్నారు. "ఎముకే టీచర్, కొంచెం అరిగింది" అని నవ్వేశాను. ఆవిడ ఇంకాసేపు నా ముఖంలోకి చూసి, "సరేలేవే" అని చెయ్యి వదిలారు. ఫిల్ము చూపించుకోవడానికి మళ్లీ వస్తారుగా, అప్పుడు చెబుదాంలే అనుకున్నాను. ఆవిడ రాలేదు. మూడు నెలల తరవాత పోయారన్న కబురు వచ్చింది.

ఎక్స్‌రేలో కనబడనిదాన్ని కనబడలేదనే రాస్తాను, డాక్టర్లు విసుక్కున్నా సరే. ఆ ఒక్కటీ ఆవిడ దగ్గర నేర్చుకున్నానని చెప్పుకునేదాన్ని. పోయిన వారం టీచర్ గారి అమ్మాయి ఇల్లు సర్దుతూ దొరికిందని పాత చీర చుట్టిన చెక్క ఒకటి తెచ్చి, "అమ్మ పోయేముందు మీకిమ్మంది" అంది. విప్పితే మా మేక. రాతి చిప్ప అలాగే ఉంది. దాని కింద టీచర్ చేతిరాతతో, పసుపు పచ్చబడిన చీటీ: "ఎముక కాదు, రాయి. చేసినవారు:" ఆ పక్కన ఖాళీ.

పెన్ను తీసి ఆ ఖాళీలో నా పేరు రాశాను. ముప్పై ఏళ్లు ఆవిడ నా కోసం వదిలి ఉంచిన చోటు అది. నేను రాసేసరికి చదవడానికి ఆవిడ లేరు.