జీవరాజు పంతులుగారి పక్షాన పల్లంరాజు

ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దగ్గర వల వేసుకుని బతికిన పల్లంరాజు ఒక్క ఆదివారం కూడా ప్రార్థనలో కూర్చున్నవాడు కాడు. బాప్తిస్మం మాట ఎత్తితే నవ్వేవాడు. జాతరకు అమ్మవారికి కోడిని కోసేవాడు. కొత్త వల నీళ్ళలో దించేముందు గంగమ్మకు పసుపు చల్లేవాడు. అయినా యానాం సంతలో గానీ కాలవ రేవుల్లో గానీ జీవరాజు పంతులుగారిది తప్పుడు బోధ అని ఎవరైనా అంటే, ఉన్న పని పక్కన పెట్టి తగువుకు దిగేది పల్లంరాజే. అతనుండే బెస్తల పాలెంలో పంతులుగారి చేత బాప్తిస్మం పొందిన కుటుంబాలు కొన్ని ఉండేవి. వాళ్ళెవరూ ఆయన కోసం అంత గొంతు చించుకోలేదు. వాళ్ళకు మోక్షం ఖాయమైపోయింది కనుక తొందర లేదు. పల్లంరాజుకు తొందర ఉంది. అతని తండ్రి వ్యవహారం తేలకుండా ఉండిపోయింది.

ఆ తండ్రి, పల్లంరాజు ఇంకా మొలతాడు వయసులో ఉండగానే, గాలివానలో నావతో సహా సముద్రంలో పోయాడు. శవం దొరకలేదు. బొమ్మ చేసి కర్మ జరిపించారు. బొమ్మకు జరిగినది మనిషికి అందిందా లేదా అన్న అనుమానం తల్లికి చచ్చేదాకా ఉండేది. పోతూ పోతూ ఆ అనుమానాన్ని కొడుక్కి ఇచ్చిపోయింది. ఆమె ఇచ్చిన ఆస్తి అదొక్కటే.

ఆనకట్ట కట్టాక గోదావరి కింద పైర్లు పెరిగాయి, కాలవల మీద పడవలు పెరిగాయి, ఆ పడవల్లో వచ్చే బోధకులూ పెరిగారు. బెస్తల పిల్లలకు చదువు చెప్పమని మిషను వారు జీవరాజును ఆ పాలేనికి పంపారు. ఆయన పోలవరం ఎగువ నుంచి వచ్చిన మనిషి. సముద్రం చూడడం అదే మొదలు. సన్నగా, కాస్త వంగి, ప్రతి మాటకూ ముందు ఆలోచించేవాడు. బోధకుడికి అది పెద్ద లోపం. ఏదైనా అడిగితే ఆయన జవాబు చెప్పేలోపు అడిగినవాడు వల సర్దుకుని ఇంటికి పోయేవాడు. పాలెంలో అందర్నీ, చేపల తట్ట మోసే ఆడవాళ్ళను కూడా, గారు చేర్చి పిలిచేవాడు. మొదట్లో వెక్కిరిస్తున్నాడనుకున్నారు. తర్వాత అలవాటు పడ్డారు.

ఆయన మీద పెత్తనానికి అప్పుడప్పుడు పట్నం నుంచి రత్నమాణిక్యం అనే ఉపదేశి వచ్చేవాడు. గొప్ప వక్త. ఆయనకు తెలియని సంగతి లేదు. ఒకనాడు రేవులో నిలబడి, యేసు నామం వినకుండా చనిపోయినవారంతా నరకాగ్నిలో ఉన్నారని గంటకొట్టినట్టు చెప్పాడు. వల బాగుచేసుకుంటున్న పల్లంరాజు తలెత్తాడు.

"అందరూనా అండీ?"

"అందరూనండి."

"మా అయ్య సముద్రంలో పోయాడండి. ఆయన వినలేదండి మరి. అప్పటికి మీరెవరూ ఇటు రాలేదు."

"అయ్యో పాపం. అయితే మీ నాన్నగారు కూడానండి," అన్నాడు రత్నమాణిక్యం.

ఎంతో మర్యాదగా, గారు చేర్చి మరీ, పల్లంరాజు తండ్రిని నరకానికి పంపి, పోటు తగ్గకముందే పడవెక్కి వెళ్ళిపోయాడు.

పల్లంరాజు ఆ దేవుణ్ణి నమ్మడు. ఆ నిప్పునూ నమ్మడు. కానీ నమ్మని నిప్పులో తండ్రి కాలుతున్నాడని ఒకడు అందరి ముందూ అనేసి పోయాక, వల మీద చెయ్యి ఆడలేదు. తిన్నగా బడి పాకకు పోయాడు.

"ఏంటండీ పంతులుగారూ ఇది? నీళ్ళలో పోయినోణ్ణి పట్టుకుని నిప్పులో పెడతాడా మీ దేవుడు?"

జీవరాజు ఎప్పటిలాగే ఆలోచించాడు. పల్లంరాజు ఎప్పటిలా లేచిపోలేదు, కూర్చున్నాడు. చివరకు జీవరాజు అన్నాడు: "పల్లంరాజుగారూ, మీ నాన్నగారిని చేసినవాడే తీసుకున్నాడు. చేసినవాడికి దయ లేదని నేను చెప్పలేను. అంతకు మించి నాకు తెలియదండి."

అంతే ఆయన చెప్పింది. ఇందులో ఒక్క మాట ఎక్కువా లేదు, తక్కువా లేదు. కానీ పల్లంరాజు చేతిలో పడ్డ చేపపిల్ల యానాం చేరేసరికి సొరచేప అయ్యేది. మాటకు మాత్రం వేరే గతి పడుతుందా?

మొదట, మా అయ్య నిప్పులో లేడని పంతులుగారు చెప్పారన్నాడు. వారం తిరక్కుండా, చల్లటి చోట ఉన్నాడని చెప్పారన్నాడు. ఆ తర్వాత, యేసుప్రభువు కూడా బెస్తల నావలోనే తిరిగాడని బడి పిల్లల నోట విన్నాడు. దాంతో దారి దొరికింది. అక్కడ కూడా ప్రభువుకు నావ కావాలి కదా, నావకు చుక్కాని పట్టేవాడు కావాలి కదా, అంత పనిమంతుడు మా అయ్య కాక ఇంకెవరు? "పంతులుగారే చెప్పారండి," అని ముగించేవాడు.

ఈ సంగతి జీవరాజు చెవిన పడింది. "పల్లంరాజుగారూ, నేనలా అనలేదండి," అన్నాడు బతిమాలుతున్నట్టు.

"మీరు మొహమాటస్తులండి. మీరూరుకోండి, నే జూసుకుంటాను."

భార్య పెద్దింట్లమ్మ చేపలమ్మి వచ్చి తట్ట దించుతూ అనేది: "మీ అయ్య పోయాక ఇన్నాళ్ళకి కొలువు ఇప్పించావు మావా. బతికున్న నాకు ఓ కొత్త తట్ట ఇప్పించు."

పట్నంలో రత్నమాణిక్యానికి కూడా చుక్కాని సంగతి చేరింది. జీవరాజు అన్యులను స్వర్గంలో కూర్చోబెడుతున్నాడని, అలాగైతే బాప్తిస్మం పొందేవాడెవడని ఆయన మిషను దొరగారికి చెప్పాడు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. దొరగారు తానే వచ్చి విచారణ చేస్తానని కబురు పంపారు. తప్పు రుజువైతే జీవరాజుకు బడీ లేదు, బోధా లేదు.

పల్లంరాజుకు కాళ్ళ కింద ఇసక జారినట్టయింది. పంతులుగారిది తప్పు అని దొరే తేల్చేస్తే, రత్నమాణిక్యం చెప్పినదే నిజమవుతుంది. అయ్య మళ్ళీ నిప్పులోకి పోతాడు. ఈసారి దొర ముద్రతో పోతాడు. కులపెద్ద బంగార్రాజు దగ్గరకు పరుగెత్తాడు.

ఆ పాలెంలో ఫిర్యాదులు తేల్చడానికి ఒక ఆనవాయితీ ఉంది. ఒకడి మీద నేరం మోపితే, వాడి పక్షాన నిలిచేవాడు మంచి చేపను పట్టి తెచ్చి వండించాలి. నేరం మోపినవాడూ, మోపించుకున్నవాడూ, పెద్దా ఒకే బంతిలో కూర్చోవాలి. మోపినవాడు ముద్ద ముట్టకుండా లేస్తే నేరం నిలిచినట్టు. తింటే ఫిర్యాదు మాఫీ అయినట్టు. ఆ తర్వాత దాని గురించి ఎవరు ఏం మాట్లాడుకున్నా అది ఉత్త కబుర్లే, పట్టింపు ఉండదు.

"దొరలకి మన పద్ధతి వర్తిస్తుందంటావా?" అన్నాడు బంగార్రాజు గడ్డం గోక్కుంటూ.

"అన్నం తినడంలో ఆళ్ళకి వేరే పద్ధతేటుంటది పెద్దయ్యా?"

పల్లంరాజు మొగ దగ్గర కాపు కాసి ఎవరూ చూడనంత పెద్ద పండుగప్ప చేపను పట్టుకొచ్చాడు. పెద్దింట్లమ్మ సణుగుతూనే మామిడికాయ వేసి పులుసు కాచింది.

దొరగారూ రత్నమాణిక్యమూ దిగేసరికి మిట్టమధ్యాహ్నమైంది. పాటు తీసి నీళ్ళు వెనక్కి పోయినప్పుడు పడవ ఒండ్రులో దిగబడిపోయి, పొద్దుటి నుంచీ ఇద్దరికీ తిండి లేదు. విస్తళ్ళు చూడగానే దొరగారి ముఖం వికసించింది. జీవరాజు పక్కనే కూర్చున్నారు. పాలెమంతా చుట్టూ చేరి దొరగారి చేతిని చూస్తోంది. మొదటి ముద్ద నోట్లోకి వెళ్ళింది. బంగార్రాజు తల ఆడించాడు. రత్నమాణిక్యం కూడా తిన్నాడు. అప్పుడు దొరగారు వీపు ముక్క మరొకటి వడ్డించమన్నారు. ఆడవాళ్ళ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అడిగి వేయించుకున్నాడంటే ఫిర్యాదే కాదు, మనసులో కసి కూడా లేనట్టే.

తమను ఇంత ప్రేమగా చూస్తున్న ఈ జనం సువార్తకు ఎంత దగ్గరగా ఉన్నారో అని దొరగారూ కరిగిపోయారు.

చేతులు కడుక్కుని ఆయన బల్ల ముందు కూర్చునేసరికి జనం ఎవరిదారిన వారు పోతున్నారు.

"ఎక్కడికి పోవుచున్నారు? విచారణ ఇప్పుడే ఆరంభమగును," అన్నారు దొరగారు. ఆయన తెలుగు గ్రంథాల్లో నేర్చుకున్న తెలుగు.

"అయిపోయింది కదండీ, ఆయ్," అన్నాడు బంగార్రాజు సంతోషంగా.

దొరగారికి అర్థం కాలేదు. పల్లంరాజును పిలిచారు. జీవరాజు నీకేమి బోధించెనో చెప్పుమన్నారు. కేసు గెలిచిన మనిషి కబుర్లకు కూర్చున్నట్టు పల్లంరాజు ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు. ఇంక దాచేదేముంది? చల్లటి చోటు గురించి చెప్పాడు. నావ గురించి, చుక్కాని గురించి చెప్పాడు. దొరగారు శ్రద్ధగా వింటున్నారని ఉత్సాహం పుట్టి, ఇంతవరకూ యానాంలో కూడా చెప్పనిది ఒకటి కలిపాడు.

"గాలి ఎదురైనప్పుడు ప్రభువు మా అయ్య సలహా అడుగుతాడంటండి."

రత్నమాణిక్యం చెవులు మూసుకున్నాడు.

"ఇది జీవరాజు చెప్పెనా?" అన్నారు దొరగారు.

"ఆయ్! పంతులుగారే చెప్పారండి. ఆయన అబద్ధమాడే మనిషి కాదండి."

ఇప్పుడు అందరూ జీవరాజు వైపు తిరిగారు. ఆయన తప్పించుకోవడం చాలా తేలిక. ఇది ఈ బెస్తవాడి కల్పన, వాడి తండ్రి నరకంలోనే ఉన్నాడు అంటే చాలు, బడి దక్కుతుంది. అది నిజానికి సగం సత్యం కూడా. జీవరాజు ఆలోచిస్తూ పల్లంరాజు వైపు చూశాడు. ఆ ముఖంలో నవ్వు ఇంకా పోలేదు. కానీ కళ్ళు పంతులుగారి పెదవుల మీదే ఉన్నాయి.

"ఆ మాటలు నేను అనలేదండి. కానీ ఆయన తండ్రి నరకంలో ఉన్నాడని చెప్పమంటే చెప్పలేను. నాకు తెలియదు."

"నీకు తెలియనియెడల నీవు బోధకుడ వెట్లగుదువు?"

దీనికి కూడా జీవరాజు ఆలోచించాడు. ఆయన జవాబు చెప్పేలోగా దొరగారు లేచారు. నెల తిరక్కుండా బడి మూసేయమని కబురు వచ్చింది.

పాలెం నిర్ఘాంతపోయింది. కడుపునిండా తిని, అడిగి వేయించుకుని, ఆపైన మాట తప్పడమా? పాలెంలో పుట్టిన తాగుబోతు కూడా ఆ పని చెయ్యలేదు. బంగార్రాజు పెద్దలను కూర్చోబెట్టి, దొరగారినీ రత్నమాణిక్యాన్నీ వెలివేశాడు. ఇకమీదట వాళ్ళను ఎవరూ నావ ఎక్కించకూడదు, వాళ్ళకు చేప అమ్మకూడదు. తమకు వెలి పడిందని ఆ ఇద్దరికీ ఎన్నటికీ తెలియదు. ఆ తీరం వాళ్ళ గుండెలు రాళ్ళని, ఎంత పిలిచినా నావ పంపరని పట్నంలో చెప్పుకున్నారు.

"నువ్వు నోరు మూసుకునుంటే పంతులుగారి బడి నిలబడేది," అంది పెద్దింట్లమ్మ. ఈసారి వెక్కిరించలేదు. అందుకే అది గుచ్చుకుంది.

పల్లంరాజు వెళ్ళేసరికి జీవరాజు సామాను మూట కడుతున్నాడు.

"నామీద కోపమొచ్చిందా అండీ?"

"లేదండి. కానీ నేననని మాట నా పేరున తిరుగుతున్న ఊళ్ళో ఎలా ఉండను?"

పల్లంరాజు గుమ్మంలో నిలబడ్డాడు. తండ్రికి తాను కట్టిన నావ, ఇచ్చిన కొలువు, ఎదురుగాలిలో అడిగించిన సలహా, అన్నీ ఒక పక్కన. ఈ వంగిన మనిషి ఒక పక్కన. ముందుకొచ్చి మూట ముడి విప్పాడు.

"ఇంక అననండి. మీరు ఎంత అన్నారో అంతే అంటాను."

మిషను బడి పోయింది గానీ బడి పోలేదు. జీతం బదులు చేపలు వచ్చేవి. తీరిక వేళల్లో జీవరాజు పల్లంరాజు దగ్గర వల అల్లడం నేర్చుకున్నాడు. ఆయన అల్లిన వలలోంచి రొయ్య కాదు, మేక కూడా దూరిపోతుందని పాలెంలో అనుకునేవారు. ఆయన బడికి వెళ్ళిపోయాక పల్లంరాజు దాన్ని విప్పి మళ్ళీ అల్లేవాడు.

పల్లంరాజు వాదన మాత్రం అప్పటి నుంచి కష్టాల్లో పడింది. చుక్కానితో గెలవడం తేలిక. తెలియదన్న మాటతో ఎలా గెలవాలి? పిఠాపురం తీర్థానికి పోతే అక్కడా, యానాం సంతలోనూ, దారి తప్పిన పంతులు కదా అని ఎకసెక్కాలాడేవారు. యానాం సారా తాగి బోధలు చేశాడట కదా అన్నవాడొకడు. వాడి చెంప మీద పల్లంరాజు చెయ్యి పడింది. ఆ సంగతి తెలిసి జీవరాజు రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

"ఏమీ తెలియని పంతులు మీకెందుకయ్యా?" అని ఒక కోమటి నవ్వాడొకసారి.

"తెలిసినోళ్ళొచ్చి మా అయ్యని నిప్పులో పెట్టారండి. తెలియనాయన తీశాడు."

"తీశాడా? ఎక్కడ పెట్టాడు మరి?"

చుక్కాని నోటిదాకా వచ్చింది. పల్లంరాజు మింగేశాడు. మింగి, ఓడిపోయి, తట్ట ఎత్తుకుని వచ్చేశాడు. అలా ఎన్ని తగువులు ఓడిపోయాడో లెక్కలేదు.

ఏళ్ళు గడిచి ఇద్దరూ ముసలివాళ్ళయ్యారు. జీవరాజు జ్వరంతో మంచాన పడ్డాడు. బడి పాక ముందు నీడలో చాప వేయించుకుని పగలంతా మొగవైపు చూసేవాడు. పల్లంరాజు పక్కన కూర్చుని ఈగలు తోలేవాడు.

"పల్లంరాజుగారూ," అన్నాడొక సాయంత్రం, "మీ నాన్నగారి గురించి నేను ఆ రోజే గట్టిగా చెప్పి ఉండాల్సిందేమో. చల్లటి చోటే ఉన్నారని. అనేస్తే ఏం పోయేది? ఇన్నేళ్ళూ మీకు మనశ్శాంతి ఉండేది."

పల్లంరాజు విసనకర్ర ఆపాడు. ఈసారి ఆలోచించడం అతని వంతయింది.

"గట్టిగా చెప్పుంటే నేను నమ్మేవోణ్ణి కాదండి," అన్నాడు.