మా అన్న బండికి పట్టిన గాలి

మొన్న గుంతకల్లులో పెట్రోలు పట్టించుకుని బయటికి వస్తుంటే, చక్రాలకు గాలి కొట్టే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి "ఎనక చక్రం చూసుకోక్కా, గాలి పట్టాల దానికి" అన్నాడు. మామూలు మాటే, వచ్చే పోయే ప్రతివాళ్లతోనూ అనే మాటే. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది, ఆ వెంటనే నవ్వు కూడా వచ్చింది. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఏం చెప్పను? మా అనంతపురం పల్లెల్లో గాలి రెండు రకాలు. చక్రానికి పట్టేది ఒకటి, మనిషికి పట్టేది ఒకటి. మొదటిది తగ్గితే బంకుకు పోతాం, రెండోది సోకితే దర్గాకు పోతాం. ఈ రెండూ కలిసి ఒకే బండెక్కి మా పుట్టింట్లోకి వచ్చిన ఎండాకాలం ఒకటుంది. రైల్వేలో ఇన్నేళ్లు గుమాస్తాగా పనిచేసి, దయ్యాలూ గియ్యాలూ నమ్మనని అందరికీ చెప్పుకు తిరిగే నేను, ఆ రెండు రోజులూ పెరట్లోకి ఒంటరిగా వెళ్లడానికి భయపడ్డాను.

మా ఊరు గార్లదిన్నె దాటి లోపలికి పోవాలి. చెరువు ఉంది గాని అందులో నీళ్లుండే ఏడు అరుదు. ఎప్పుడైనా నిండితే ఊరంతా గంగమ్మకు పొంగళ్లు పెట్టేది, మా అన్న ఒక్కడే దిగులుగా తిరిగేవాడు. ఎండిన చెరువే అతని మైదానం. ఎక్కడో పాత సామాన్ల అంగట్లో పడి ఉన్న రెండు స్ట్రోకుల బండిని కొనుక్కొచ్చి, మడ్‌గార్డులు పీకేసి, గడ్డలు గడ్డలుగా ఉండే టైర్లు వేయించి, సైలెన్సర్ని సీటు పక్కకు ఎత్తి కట్టి, దాన్ని మట్టిలో దుమికే బండిగా మార్చాడు. దానికి తాళం కూడా లేదు. వైర్లు కలిపి కిక్కు కొట్టడమే. ఆపాలంటే గేరులో వేసి క్లచ్చు వదిలి ఇంజన్ని చంపేయడమే. చేను ఎండుతున్నా, చుట్టాలు వచ్చినా, ఆదివారం పొద్దు వాలే వేళకు చెరువులో గుంతలూ దిబ్బలూ ఎగరాల్సిందే. ఆయిలు కలిపిన పెట్రోలు పొగ వాసన అతని చొక్కాల్లోంచి ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదు. "మీ అన్ననే బండకేసి ఉతకాల పాపా" అనేది వదిన. నాకు యాభై దాటినా ఆమెకు పాపనే.

అట్లాంటి ఒక ఆదివారమే పోయాడు. చెరువు నుంచి ఇంటికొచ్చే బండిదారి మా చేను పక్కన మలుపు తిరుగుతుంది. ఆ మలుపులో చుట్టూ గోడ లేని పాత బావి ఒకటి ఉంది. ఊరి చుట్టూ బోర్లు పడ్డాక అందులో నీళ్లు పోయి రాళ్లు మిగిలాయి. అన్న బండితో సహా అందులో పడ్డాడు. ఎండిన శనక్కాయ చెట్లు పశువులకైనా వస్తాయని పక్క చేలో పీకుతున్న వాళ్లు చూశారు. మలుపు దగ్గర ఎవడైనా వేగం తగ్గిస్తాడు, ఈయన తగ్గించలేదన్నారు. బండి అరుస్తూనే ఉంది, యాక్సిలేటరు మీంచి చెయ్యి తీయలేదన్నారు. ఆ ఏడు వాన రాలేదు. ఊరికి అంతకంటే కారణం ఏం కావాలి? కావాలనే పోయినాడని తేల్చేశారు. మా ముందు అనలేదు, మా వెనక అనడం ఆపలేదు.

వాళ్లకు తెలియనిది ఒకటుంది. ఆ మధ్యాహ్నం ఇంట్లో గొడవైంది. చేను ఎండుతుంటే ఈ ఆటలేమిటని వదిన గడపకు అడ్డం నిలబడింది. అన్న వినలేదు. "పోతే పో, మళ్ల ఈ ఇంటి మొగం చూడొద్దు" అంది. ఏ ఇంట్లోనైనా కోపమొస్తే అనుకునే మాటే, సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు. ఆ సాయంత్రం ఆమె వాకిట్లో చాట పట్టుకుని కూర్చుని ఉండగా దూరం నుంచి బండి అరుపు వినిపించింది. అది అంతకంతకూ పెరిగింది. టక్కుమని ఆగిపోయింది. ఇదంతా వదిన నాకొక్కదానికే చెప్పింది, చాలాసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ చివరికి అదే ప్రశ్న. "నేను ఆ మాట అన్న్యానని పోయినాడా పాపా?" అట్లేం కాదులే వదినా అనేదాన్ని. ఆ మాట నాకే అతికేది కాదు. మా అన్న మొండివాడు, మాట పడనివాడు. ఏమో, ఆ క్షణంలో ఏమనుకున్నాడో ఎవరికి తెలుసు?

బండిని తాళ్లతో పైకి లాగి పశువుల కొట్టంలో పడేసి పట్ట కప్పారు. కిక్కు కిందికి దిగేది కాదు. పడిన దెబ్బకు లోపల బిగుసుకుపోయి ఇంజను పట్టేసిందనుకున్నాం. వదిన ఆ కొట్టం వైపు వెళ్లడం మానేసింది. ఏళ్లు గడిచాయి. అన్న కూతురు పెద్దదై అనంతపురంలో ట్రాక్టర్లు అమ్మేచోట పనిలో చేరింది. తండ్రి ముక్కూ, తండ్రి మొండితనమూ చిల్లర మిగలకుండా వచ్చాయి దానికి. నేను సెలవు పెట్టి వెళ్లిన ఆ ఎండాకాలం, ఎవరినీ అడక్కుండా బండిని అనంతపురం తీసుకుపోయి, వాళ్ల నాన్న స్నేహితుడైన మెకానిక్ భాయి దగ్గర బాగుచేయించి తెచ్చింది. తల్లికి చెప్పలేదా అంటే చెప్పింది. ఫోనులో "బోరు ఏయించినా మా, బాగా వచ్చింది" అందట. మా జిల్లాలో బోరంటే ఏమిటి? వదిన ఆనందంగా "ఎన్నించుల నీళ్లు పడినాయి?" అని అడిగిందట. తీరా చూస్తే అది ఇంజను సిలిండరును లోపల నున్నగా అరగదీయించే బోరు. అప్పటికే దేవుడికి కొబ్బరికాయ కూడా కొట్టేసింది పాపం.

"అత్తా, ఇను" అంటూ పెరట్లో కిక్కు కొట్టింది అమ్మాయి. బండి రెండు దగ్గులు దగ్గి అందుకుంది. నీలం పొగ పెరడంతా కమ్ముకుంది. ఆ వాసనకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి, పొగ వల్లేనని అనుకున్నాను. అమ్మాయి బండికి స్టాండు వేసి గేటు తీయడానికి వెళ్లింది. హ్యాండిలు మీద ఎవరి చెయ్యీ లేదు. ఉన్నట్టుండి బండి గొంతు పెంచింది. ఎవరో మెల్లగా యాక్సిలేటరు తిప్పుతున్నట్టు, ఇంకా తిప్పుతున్నట్టు, అరుపు పెరిగిపోయింది. వంటింట్లో సంగటి కెలుకుతున్న వదిన కట్టెతో సహా బయటికొచ్చి మెట్ల మీదే ఆగిపోయింది. మొహంలో నెత్తురు లేదు. అమ్మాయి పరుగెత్తుకొచ్చి గేరు తొక్కి బండిని ఆపేసింది. "అదే అరుపు పాపా" అంది వదిన. "గాలి సోకింది దానికి. ఆయప్ప కూసోనుండాడు దాని మింద." అట్లాంటివేం లేవు వదినా, కార్బొరేటర్లో ఏదో అయ్యుంటుందని గట్టిగా చెప్పాను. చెబుతూనే రెండడుగులు వెనక్కి వేశాను.

మధ్యాహ్నానికల్లా హ్యాండిలుకు నిమ్మకాయ, మిరపకాయలు వేలాడాయి. వదిన మెట్ల మీద నుంచే పురమాయిస్తే నేనే కట్టాను. నమ్మనని చెప్పుకునే దాన్ని, ముడి మాత్రం గట్టిగా వేశాను. అంతటితో ఆగక వదిన భాయికి ఫోను చేసి, మీ దర్గాలో తాయెత్తు కట్టించి పంపుతావా అని అడిగింది. "బండికి యాడ కడతారు వదినా, సైలెన్సర్‌కా?" అన్నాడాయన. ఆమె నవ్వలేదు. మర్నాడు పొద్దున్నే అమ్మాయి కార్బొరేటరు మర ఏదో తిప్పి, సర్దుకుందిలే అనుకుని, చెరువుకు బండి తీసింది. కాసేపటికి మోచేయి గీరుకుపోయి నడుచుకుంటూ వచ్చింది. బండి మళ్లీ తనంతట తానే అరిచిందట, చెయ్యి తీసినా తగ్గలేదట, అంతలోనే ఇంజను పట్టేసి వెనక చక్రం బిగుసుకుపోయి ఈ పిల్లను కంపచెట్లలోకి విసిరేసిందట. భాయికి ఫోను చేసి నోటికొచ్చినట్టు తిట్టింది. ఆయిలు తక్కువ కలిపుంటావని ఆయన, కొలిచి పోసినానని ఇది. వదిన మాత్రం కూతురి మోచేతికి పసుపు అద్దుతూ ఒకటే మాట అంది. "దీన్ని గూడా పిలుచుకుంటాండాడు. ఆ బండిని పాత ఇనుముకు ఏసేయండి."  ఉన్న ఒక్క కూతురూ ఆ దారినే పోతుందని ఆమె భయం.

ఆ మధ్యాహ్నమే భాయి వచ్చాడు. భారీ మనిషి, భారీ కోపం. నేను కట్టిన ఇంజను వెనక్కి రాదని ఊరంతా చెప్పుకునేవాడు. అమ్మాయిదే తప్పని నిరూపించడానికి వచ్చాడని నాకు అనుమానం. చెరువు నుంచి తెప్పించిన బండిని రేకుల నీడలో పెట్టి, గోనెసంచి పరిచి ఇంజను హెడ్డు విప్పాడు. ప్లగ్గు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ట్యాంకులోని పెట్రోలు వేళ్ల మధ్య రాసి చూశాడు, ఆయిలు సరిగ్గానే ఉంది. పిస్టను బయటికి తీసి సైలెన్సరు వైపు పడిన గీతలను వేలితో తడిమి చూశాడు. తన సామాన్ల పెట్టెలోంచి ఇంకో పిస్టను తీశాడు. అది మొన్న ఇదే ఇంజన్లోంచి తీసేసిన పాతది. పారేయడం ఎందుకని బోర్లించి నట్లు వేసుకునే గిన్నెగా వాడుకుంటున్నాడు. నట్లు ఒంపేసి రెండింటినీ పక్కపక్కన పెట్టాడు. రెండిటికీ ఒకే వైపు, ఒకే తీరు గీతలు. "పాతదాన్ని చూసి తుప్పు గీతలనుకున్న్యా" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "ఇది యాడనో గాలి తీసుకుంటాంది అక్కా" అన్నాడు.

"నిన్నట్నుంచి నేను చెప్తాండేది అదే కదప్పా!" అంది వదిన మెట్ల మీద నుంచి.

ముందు అమ్మాయి నవ్వింది, తర్వాత నేను. భాయి మాత్రం నవ్వలేదు. కార్బొరేటరు దారిన రావాల్సిన గాలి, ఎక్కడో సందు దొరికి దొంగతనంగా లోపలికి దూరుతోందని చెప్పాడు. అట్లా దూరితే పెట్రోలు చాలదు, పెట్రోలుతో పాటే వచ్చే ఆయిలూ చాలదు. ఇంజను వేడెక్కి దానంతట అదే అరుస్తుంది, యాక్సిలేటరు వదిలేసినా తగ్గదు, చివరికి పిస్టను పట్టేస్తుంది. పిస్టను, హెడ్డు మళ్లీ ఎక్కించి, ఇంజను మూతులు రబ్బరు ముక్కలతో బిగించి, సైకిలు పంపుతో లోపలికి గాలి కొట్టాడు. సబ్బునీళ్లు తెమ్మన్నాడు. నేనే తెచ్చి కొంచెం కొంచెంగా పోశాను. ఎడమవైపు, కరెంటు పుట్టించే మ్యాగ్నెట్ వెనక, చిన్న చిన్న బుడగలు లేచాయి. పసిపిల్లల నోటి దగ్గర వచ్చే నురగలాగా. అక్కడ విప్పి, గట్టిపడిపోయిన ఒక నల్లటి రబ్బరు చుట్టను బయటికి తీశాడు. బయటి గాలి లోపలికి దూరకుండా ఆపేది అదేనట, ఆయిలు సీలు అంటారట. గోటితో నొక్కితే దాని అంచు విరిగింది.

భాయి చాలాసేపు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "ఈ సీలు నేను మార్చలేదు వదినా" అన్నాడు, మెట్ల వైపు చూడకుండా. "దొరకలేదు. పాతదాన్నే తుడిచి పెట్టినా. మీ పాప తప్పు గాదు, నాదే." కావాలంటే ఆ ముక్కను జేబులో వేసుకుని ఇంకేదో చెప్పి పోవచ్చు, మాకేం తెలుస్తుంది? అమ్మాయి నోరు తెరవబోతే దాని భుజం మీద చెయ్యి వేశాను. నా గుండె అప్పటికే వేరే లెక్కలు కట్టుకుంటోంది. "అంటే, ఆ రోజు గూడా ఇదే సీలా భాయీ?" అన్నాను.

"ఇదే అక్కా. నీ అన్న బండి తెచ్చినప్పట్నుంచి ఇదే. ఒట్టేసి చెప్పమంటే చెప్పలేను. అయితే ఈ పాత పిస్టను పడినాక పట్టేసింది గాదు. పట్టేసినాకనే పడినాడు."

అప్పుడు వదిన మెట్లు దిగింది. అన్ని ఏళ్ల తర్వాత ఆ బండి దగ్గరికి రావడం అదే మొదలు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి, "అట్లయితే ఆయప్ప చెయ్యి తీసినాడా?" అని అడిగింది.

"తీసే ఉంటాడు వదినా. బ్రేకు గూడా తొక్కుంటాడు. ఇది ఇనలేదు."

ఆమె లోపలికి వెళ్లిపోయింది. ఏడుస్తుందేమోనని చెవులు రిక్కించి కూర్చున్నాం. గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. కాసేపటికి భాయికి పళ్లెంలో సంగటీ చట్నీ పెట్టుకుని వచ్చింది. ఆయన తల వంచుకుని అందుకున్నాడు. వదిన గేటు దాకా నడిచి, చెరువు వైపు పోయే బండిదారిని చూస్తూ నిలబడింది. ఎవరితోనూ కాదన్నట్టు మెల్లగా, "ఇంటికే వస్తాండినాడు" అంది. అప్పుడు ఏడ్చింది. నేను పక్కకు వెళ్లి పట్టుకున్నాను గానీ ఎవరం ఎవరిని పట్టుకున్నామో తెలియదు.

సీలు తర్వాత ఎప్పుడో బెంగుళూరు నుంచి తెప్పించారు. ఇప్పుడా బండి మంచిగా పలుకుతుంది, ఆదివారాలు అమ్మాయి చెరువులో తిప్పుతుంది, వదిన సణుగుతూనే ఉంటుంది. భాయి చెప్పినదంతా నిజమేనా అని ఒక్కోసారి నాకు సందేహం వస్తుంది. ఒక రబ్బరు ముక్క మనిషి మనసులో ఏముందో చెప్పగలదా? ఆ సందేహం వచ్చినప్పుడు ఇప్పటికీ నిద్ర పట్టదు. అయినా ఆ రోజు తర్వాత వదిన ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు. పోయినవాళ్లు ఏళ్లు గడిచేకొద్దీ దూరమవుతారంటారు. మా అన్న మాత్రం ఆ మధ్యాహ్నం నుంచి, ఏటేటా ఇంటికి ఇంకొంచెం దగ్గరికి వస్తూనే ఉన్నాడు.