తక్కెడాయన పట్టుకొచ్చిన సీసా

బస్సు వంతెన దాటుతుండగా పక్క సీటాయన నన్నడిగిన మొదటి ప్రశ్న, ఈ ఊళ్ళో మీకెవరైనా తెలుసా అని. ఎవరూ తెలియదన్నాను. చుట్టాలు? లేరు. దిగాక ఎటు వెళ్తారు? అది నాకే తెలియదన్నాను. ఈ వయసులోనూ నా తిరుగుడు అలాంటిదే. ఆయన ముఖం విప్పారింది.

"అయితే మా ఇంటికి రండి. సాక్షి కావాలి."

ఆయన ఒళ్ళో తువ్వాలు చుట్టిన సీసా ఉంది. నిండు నూనెగిన్నె మోస్తున్నవాడిలా రెండు చేతులతో నిటారుగా పట్టుకున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా తాను ఎగురుతున్నాడు గాని దాన్ని ఎగరనివ్వడం లేదు.

ముప్పై ఒక్కేళ్ళు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. బజారంతా తక్కెడాయన అనేవారట. దొంగ కాటాకి సీలు వేసేటప్పుడు ఇరుపక్షాలకూ చెందని మనిషొకడు పక్కనుండి సంతకం చేయాలి. రిటైరై ఉద్యోగం పోయినా ఆ అలవాటు పోలేదు. తన తొలిచూలు బిడ్డను ఆసుపత్రిలో తూస్తే రెండోసారి తూయించి, కాటా నలభై గ్రాములు తక్కువ చూపుతోందని అక్కడికక్కడే నోటీసిచ్చిన మనిషి. కూరలమ్మి భయంతో నాలుగు కాయలు ఎక్కువ వేస్తే వెనక్కిచ్చేవాడు. ఎక్కువ తూగినా తప్పే అనేవాడట.

ఇప్పటి ముద్దాయి సొంత బావమరిది, పుస్తకాల బైండింగు చేసే మనిషి. పదేళ్ళ కిందట మూతపడిన హోటలు సామాను వేలంలో ఇద్దరూ కలిసి రెండు పెట్టెల ఫ్రెంచి వైను కొన్నారు. అప్పటికే దానికి ఇరవై ఏళ్ళు. ఇన్‌స్పెక్టరు ఇల్లు పై అంతస్తు, ఎండకి పెనం. అందుకని సీసాలను బావమరిది ఇంటి నేలగదిలో పడుకోబెట్టారు. ఐదారు నెలలకొకటి, ఆదివారం మధ్యాహ్నం, ఇన్‌స్పెక్టరు ఇంట్లో తీసేవారు. కిందటేడు చలికాలంలో ఈయనకి జ్వరం వచ్చి మూడు వారాలు మంచం పట్టాడు. లేచాక తాగిన రెండు సీసాలూ చప్పగా ఉన్నాయి.

అసలు సరుకు వాడు తాగేసి చవకది నింపుతున్నాడని ఈయన తీర్మానం. అందుకే ఈ పొద్దున వాడు దుకాణంలో ఉండగా చెప్పాపెట్టకుండా వెళ్ళి, తన చేత్తో ఒకటి ఏరుకుని వస్తున్నాడు. రుజువైతే వాడిక తన గడప తొక్కకూడదు.

"మా ఆవిడకున్నది ఆ ఒక్క తమ్ముడే. అయినా సరే," అన్నాడు.

పాత వైను మీద రాసినవాళ్ళలో సగంమంది కవులు, సగంమంది అబద్ధాలకోర్లు. కొందరు రెండూనూ. అవన్నీ చదివాను గాని, నేను నమ్మేది ఫ్రాన్సులో ఒక కోతకాలం ద్రాక్ష బుట్టలు మోసినప్పుడు నా నాలుకకి తెలిసినదాన్నే. ఆ సంగతి చెప్పగానే ఆయన నన్ను అనుమానంగా చూశాడు. మరీ తెలిసిన సాక్షి కూడా ప్రమాదమే కాబోలు.

ఇంట్లో అడుగుపెట్టగానే ఆయన భార్య నన్ను ఎగాదిగా చూసింది.

"మళ్ళీ సాక్షా? పోయినసారి పాలవాడి మీద తెచ్చిన సాక్షి రెండు పూటలా భోంచేసి వెళ్ళాడు."

అయినా టీ కోసమని పాలు పొయ్యి మీద పెట్టింది. ఇన్‌స్పెక్టరు భూతద్దంతో కార్కును నలువైపులా చూశాడు. సూదిగుచ్చిన చిల్లు ఎక్కడా లేదు.

"చిల్లు కనపడలేదంటే పనితనం గొప్పదన్నమాట."

ఇంతలో మెట్ల మీద పరుగు. ఇంటి నుంచి కబురందినట్టుంది, చేతికి జిగురు ఆరకుండానే బావమరిది వచ్చేశాడు.

"బావా, దాన్ని బస్సులో తెచ్చావా? అంత ముసలిదాన్ని కుదిపితే మడ్డి లేవదూ?"

"అది లేవలేదు. నేనే లేచాను."

కార్కు సగంలో విరిగి వచ్చింది, లోపలి కొస నల్లగా నానిపోయి. ఇన్‌స్పెక్టరు సీసాను కిటికీ వెలుగులో పట్టి, మడ్డి మెడ దాకా వచ్చేవరకు మెల్లగా జాడీలోకి వంచాడు. చవకరకంలో అంత మడ్డి ఉండదని నేనన్నాను. మడ్డి కూడా వేయొచ్చన్నాడాయన.

నేను తాగాను. ఎండు అంజూరం, వాన తగిలిన ఆకులు, చాలాకాలం తెరవని తోలుపెట్టె. మింగాక కూడా నోట్లో కదులుతూనే ఉంది. బావమరిది ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. చెవి దగ్గర బాకా ఊదినా తెరిచేలా లేడు. ఇన్‌స్పెక్టరు ఒక గుక్క, మరో గుక్క తాగాడు.

"పుల్లనీళ్ళు," అన్నాడు.

అప్పుడే వంటింట్లోంచి మాడువాసన గుప్పుమంది. ఆమె అయ్యో పాలంటూ లోపలికి పరుగెత్తింది. నేను ముక్కు మూసుకున్నాను, బావమరిది దగ్గాడు. ఇన్‌స్పెక్టరు మాత్రం గ్లాసులో ముక్కు పెట్టి పీల్చుతూనే ఉన్నాడు. గదంతా పొగవాసన, ఆయన ముక్కుకి మాత్రం ఏమీ తగల్లేదు.

బావమరిది ఆయన్ని చూశాడు. ఆ తర్వాత నన్ను చూశాడు.

"సాక్షిగారూ, మీరు చెప్పండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నేను నోరు తెరిచేలోగా బావమరిది అందుకున్నాడు. "ఆయన్నెందుకు బావా అడగడం. నేనే మార్చాను."

"ఎప్పుడు?"

"పోయిన నెల."

"ఎలా?"

"సూదితో."

ఇన్‌స్పెక్టరు విరిగిన కార్కు వంక చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, ఏదో లెక్క ఒప్పజెప్పుతున్నట్టు నెమ్మదిగా అన్నాడు.

"ముప్పై ఒక్కేళ్ళు. మొదటి మాటకే ఒప్పుకున్నవాడు ఒక్కడూ లేడండీ."

లేచి వంటింట్లోకి వెళ్ళాడు. ఆమె మాడిన గిన్నెలో నీళ్ళు పోయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. వంగి గిన్నెలో వాసన చూశాడు. ముఖం ఇంకా దించి మళ్ళీ చూశాడు. ఆమె ఏమండీ అంది. ఆయన తన ముక్కును వేళ్ళతో తడుముకున్నాడు.

తిరిగొచ్చి, తన గ్లాసులో మిగిలినదాన్ని చుక్క కిందపడకుండా బావమరిది గ్లాసులోకి ఒంపాడు. బావమరిది తల ఎత్తలేదు. ఇన్‌స్పెక్టరు తన చెప్పుల్లో కాళ్ళు పెట్టి, మాలో ఎవరికీ వెళ్ళొస్తానని చెప్పకుండా మెట్లు దిగిపోయాడు.