పుర్రచేతి వాటం చప్టా

మొన్న బుధవారం పొద్దున కాఫీ తీసుకుని వెళ్ళి "అత్తయ్యా" అని పిలిస్తే మా అత్తగారు పలకలేదు. రెండోసారి పిలవకముందే నాకు సంగతి తెలిసిపోయింది. సాయంత్రానికి సమాధుల తోటలో మామగారి పక్కన పడుకోబెట్టి వచ్చాం. వచ్చినవాళ్ళంతా ఆవిడ భక్తి గురించి, గోంగూర పచ్చడి గురించి, నోటి దురుసు గురించి చెప్పుకున్నారు. మూడూ నిజమే. ఆవిడ నాకు చేసిన మేలు గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు. పాపం వాళ్ళ తప్పేమీ లేదు. ఆ మేలు మా పెరట్లో సిమెంటు చప్టాగా అందరి కాళ్ళ కిందా ఉంది. దాని కథ చెప్పాల్సినదాన్ని నేనే.

నాది ఎడమచేతి వాటం. ఊళ్ళో వాళ్ళు మర్యాదగా అలా అనరు, పుర్రచెయ్యి అంటారు. చిన్నప్పుడు మా అమ్మ నా ఎడమచేతిని పాత గుడ్డతో నడుముకి కట్టేసి కుడిచేత్తో అన్నం తినడం నేర్పింది. రాతా అలాగే వచ్చింది. కానీ గరిటె, చీపురు, చేద, పొత్రం మాత్రం ఎంత కట్టినా కుడివైపు రాలేదు. పెళ్ళికి ముందు అమ్మ నన్ను కూర్చోబెట్టి, "అత్తారింట్లో ఆ చెయ్యి కొంగులో దాచుకో తల్లీ" అని చెప్పి పంపింది. నేను గుణదల కాపురానికి వచ్చింది ఆ భయంతోనే. ఆ ఇంట్లో నేను నాలాగే బతకొచ్చా, లేక జీవితమంతా ఒక చెయ్యి దాచుకునే బతకాలా అన్నది తప్ప నాకప్పుడు వేరే బెంగ లేదు.

మా ఇల్లు కొండకి దిగువన, కాలవ వైపు ఉంటుంది. మేరీమాత తిరునాళ్ళు వస్తే ఉయ్యూరు నుంచీ చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ చుట్టాలంతా మా ఇంట్లోనే దిగుతారు. వంటలూ బంతిభోజనాలూ అన్నీ పెరట్లోనే. కాపురానికి వచ్చిన మొదటి ఏడాది ఆ బంతిలో పప్పు వడ్డిస్తూ, హడావిడిలో అమ్మ మాట మరిచిపోయి, గరిటె ఎడమచేత్తో పట్టుకున్నాను. ఉయ్యూరు నుంచి వచ్చిన మా అత్తగారి ఆడపడుచు విస్తరి చటుక్కున పక్కకి లాగేసుకుంది.

"ఏమ్మా, ఆ చేత్తో పెట్టకూడదని మీ పుట్టింట్లో ఎవరూ చెప్పలేదా?" అంది, బంతి మొత్తానికీ వినపడేలా.

అత్తయ్య పొయ్యి దగ్గర ఉన్నారు. విన్నారు. ఒక్క మాట కూడా అనలేదు. ఆవిడ మౌనాన్ని నేను అంగీకారం అనుకున్నాను. అప్పటినుంచి వడ్డన మానేసి, దూరంగా గిన్నెలు తోమే పనికి జరిగిపోయాను.

రుబ్బురోలు దగ్గర మాత్రం దాచుకునే వీల్లేదు. పాత రోలు ఎడమవైపు గోడని ఆనుకుని ఉండేది. కుడిచేత్తో తిప్పేవాళ్ళకి హాయి. నేను తిప్పితే మోచెయ్యి గోడకి రాసుకునేది. ఒక ఆదివారం నా తలకి నూనె రాస్తూ అత్తయ్య ఆ చెక్కుకుపోయిన మోచెయ్యి చూశారు.

"ఏంటే ఇది?"

"రోలు దగ్గర గోడ తగిలిందండి."

"రోజూ తగుల్తోందా?"

నేను మోచెయ్యి కొంగు కిందకి లాక్కున్నాను. ఆవిడ రెట్టించలేదు. నూనె మాత్రం మోచేతికి కూడా రాసి పంపించారు.

ఇక్కడ ఆవిడ అలవాటు ఒకటి చెప్పాలి. ఎవరింటికి వెళ్ళినా ముందు గదిలో కూర్చునేవారు కాదు. కాళ్ళు కడుక్కునే నెపంతో తిన్నగా దొడ్లోకి వెళ్ళి నుయ్యి, రోలు, ఉతికే బండ చూసి వచ్చేవారు. "దొడ్డి చూస్తే ఇల్లాలు ఎంత సుఖపడతందో తెలిసిపోద్దే" అనేవారు. మరి మన దొడ్డి సంగతేమిటండీ అని అడిగే ధైర్యం నాకు లేదు. వానాకాలంలో మా పెరట్లో నడవడమంటే అడుగుకొకసారి చెప్పుని నల్లమట్టికి అప్పజెప్పి మళ్ళీ పీక్కోవడమే.

ఆ తర్వాత వారం పొద్దున్నే చూస్తే ఆవిడ పెరట్లో వంగుని, డబ్బాలోంచి సున్నం పోసుకుంటూ నేల మీద గీతలు గీస్తున్నారు. నూతి దగ్గర్నుంచి వంటింటి గుమ్మం దాకా పెద్ద చదరం. అందులో ఒక గుండ్రం, ఒక పలక, ఒక పొడుగాటి గీత. తిరునాళ్ళలోపు సిమెంటు చప్టా వేయించాలన్నారు. గుండ్రం రోలు, పలక ఉతికే బండ, గీత నీళ్ళు పోయే తూము. జామచెట్టు కింద ఒక చిన్న అరుగు కూడా గీసుకున్నారు. సాయంత్రాలు అక్కడ కూర్చుని జపమాల చెప్పుకోవాలని ఆవిడ ఎన్నాళ్ళ కోరికో.

"అమ్మాయ్, ఇలా వచ్చి ఈ గుండ్రం ముందు కూర్చో. రుబ్బు."

"ఏం రుబ్బనండీ?"

"గాలి రుబ్బు. చెయ్యి ఎంత దూరం వెళ్తందో చూడాలి."

కూర్చున్నాను. నన్ను ఆటపట్టిస్తున్నారేమో అనుకుని కుడిచెయ్యి తిప్పాను.

"ఆ చెయ్యి కాదే. నువ్వు రుబ్బే చెయ్యి."

ఎడమచెయ్యి తిప్పాను. ఆవిడ నా మోచేతి వెనక నుంచుని, అది ఎంతవరకు వస్తుందో అంతవరకు సున్నంతో గుర్తు పెట్టారు. బట్టలుతికినట్టు, చేదతో నీళ్ళు తోడినట్టు, అన్నీ నాచేత ఆడించారు. పక్కింటివాళ్ళు గోడ మీంచి చూసి నవ్వుకున్నారు. చివరికి గోడ కుడివైపుకి, ఖాళీ ఎడమవైపుకి వచ్చేలా అన్నీ మార్చి గీశారు. ఆవిడకి నా కళ్ళకేసి చూసే తీరిక లేదు, తూము ఎటు తిప్పాలా అని ఆలోచిస్తున్నారు.

మేస్త్రి వచ్చాడు. మంచి పనివాడు. నల్లమట్టి వానకి ఉబ్బి ఎండకి బీటలిస్తుంది, దాని మీద నేరుగా సిమెంటు పోస్తే ఏడాదిలో పగులుతుందని చెప్పి, మోకాలి లోతు మట్టి తీయించి, ఇసుకా కొండరాయి గ్రావెలూ నింపించాడు. నీళ్ళు కొట్టి దిమ్మిసతో గట్టిగా కుదేయించాడు. ఆటోనగర్‌లో లేతు మిషను మీద పనిచేసే మా ఆయన, తూముకి ఇనప జల్లెడ చేసి తెచ్చారు. సిమెంటుకి అప్పట్లో కరువు. ఎవరెవరినో బతిమాలితే దొరికిన బస్తాలు చప్టాకీ అరుగుకీ బొటాబొటీగా సరిపోతాయని లెక్క తేలింది.

సున్నం గీతలు చూసి మేస్త్రి తల గోక్కున్నాడు. "అమ్మగారూ, రోలు ఇటు పెడితే పుర్రచేతి వాటం అయిపోద్దండి."

"అయితే ఏం? అందులో రుబ్బేది నువ్వా?"

అతను నవ్వి ఊరుకున్నాడు. ఒప్పుకున్నాడనే మేమంతా అనుకున్నాం.

కాంక్రీటు పోసిన రోజు నెలలో మొదటి శుక్రవారం. అత్తయ్య పట్టుచీర కట్టుకుని గుళ్ళో పూజకి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి చప్టా అంతా నున్నగా పరుచుకుని ఉంది. రోలూ ఉతికే బండా కుదురుగా కూర్చున్నాయి, కుడిచేతి వాటంగా, ఎడమవైపు గోడకి ఆనుకుని. వంటింట్లోంచి నేను అప్పటికే చూశాను. అంతే ప్రాప్తం అనుకుని పనివాళ్ళకి మజ్జిగ కలుపుతున్నాను.

"ఏం పనయ్యా ఇది?" అన్న కేక విని బయటికొచ్చాను.

మేస్త్రి సంతోషంగానే చెప్పాడు. "మీరు గీతలు తిరగేసి గీశారండి అమ్మగారూ. ఆడవాళ్ళకి ప్లాను కుడిఎడమలవడం మామూలేగదండీ. మీరు లేనప్పుడు నేనే సరిచేసేశాను. పుర్రచేతి ఇల్లంటే నలుగురూ నవ్వుతారండి."

"అమ్మాయ్, గడ్డపార తీసుకురా."

"అప్పుడే బిగుసుకుంటందండి!"

"అందుకేగా తొందరపడేది. రేపైతే నువ్వూ తియ్యలేవు, నేనూ తియ్యలేను."

"వద్దులెండి అత్తయ్యా. ఇప్పుడు తవ్వితే మళ్ళీ సిమెంటు ఎక్కడ తెస్తాం? నేను సర్దుకుంటాను."

ఆవిడ నాకేసి తిరిగారు. పట్టుచీర కుచ్చిళ్ళు అప్పటికే పైకి దోపేసుకుని ఉన్నారు. "సర్దుకోడం నీకు బాగా వచ్చులే. ఇన్నాళ్ళూ చూశాగా. ఇది ఒక్కటీ సర్దుకోకు. మనిషికి తగ్గట్టు రోలు పెట్టాలి గానీ, రోలుకి తగ్గట్టు మనిషి మారడమేంటి?"

గడ్డపార మొదటి పోటు ఆవిడే వేశారు. రెండోది మేస్త్రి ఆవిడ చేతిలోంచి లాక్కుని వేశాడు. రోలూ బండా లేపి సున్నం గీతలున్న వైపు పెట్టి, పాడైన చోటంతా మళ్ళీ పోశారు. దానికి అరుగు కోసం దాచిన బస్తా అయిపోయింది. ఆ అరుగు మళ్ళీ కట్టలేదు. ఎప్పుడు గుర్తుచేసినా "కుర్చీ వేసుకుంటే సరిపోదా" అనేవారు. పని అయ్యాక చప్టా మీద మట్టిగట్లు కట్టి నీళ్ళు నిలిపారు. అది గట్టిపడే రోజుల్లో పిల్లి అడుగుపెట్టినా ఆవిడ కర్ర పట్టుకుని లేచేవారు. చివర్న ఒక చెంబెడు నీళ్ళు పోసి, అవి ఎక్కడా ఆగకుండా తూము దాకా వెళ్ళాయని చూసుకుని, "వాటం కుదిరింది" అన్నారు. ఆ సాయంత్రం మేస్త్రికి కొత్త పంచె పెట్టారు. అతనితో పడ్డ తగువు గుర్తున్నట్టే లేదు.

ఆ ఏడాది తిరునాళ్ళకి బంతి చప్టా మీద కూర్చుంది. అందరి భోజనాలూ అయితే గానీ ముద్ద ముట్టని అత్తయ్య, మొదటి బంతిలోనే ఉయ్యూరు ఆడపడుచు పక్కన విస్తరేసుకుని కూర్చున్నారు.

"అమ్మాయ్, పప్పు తీసుకురా. ముందు నాకు వెయ్యి. నీ చేత్తో."

గరిటె ఎడమచేత్తో పట్టుకుని వేశాను. కాస్త విస్తరి బయట పడింది. ఆవిడ దాన్ని వేలితో లోపలికి తోసి కలుపుకుని తిన్నారు. తర్వాత ఉయ్యూరు ఆవిడ విస్తరి ముందు వంగాను. ఆవిడ అటూ ఇటూ చూసింది, విస్తరి జరపలేదు. పైగా మళ్ళీ పిలిచి మరీ పప్పు వేయించుకుంది. ఆ రోజు నుంచి ఆ ఇల్లు నాది అయింది. ఈ మాట అత్తయ్యతో ఎప్పుడూ అనలేదు. అంటే "పప్పు మాడతందేమో చూడు" అనేవారు.

పోయిన వానాకాలంలో ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. మాట దక్కింది గానీ చెయ్యి దక్కలేదు. తినిపిస్తానంటే నోరు తెరిచేవారు కాదు. చివరికి ఒక సాయంత్రం చప్టా మీద కుర్చీ వేసి, కంచం ఆవిడ ఒళ్ళో పెట్టాను. ఎడమచేత్తో ముద్ద కలపబోతే సగం కింద పడింది. కాకి ఎత్తుకుపోయింది.

"నిన్ను మీ అమ్మ కట్టేసిందన్నావు కదే. నన్ను దేవుడే కట్టేశాడు" అని నవ్వారు. నవ్వు మూతికి ఒకవైపే వచ్చింది.

"నేర్పుతాను రండి అత్తయ్యా. ఈ చేతి సంగతి నాకు తెలుసు."

ముద్ద ఎంత కలపాలో, బొటనవేలు ఎక్కడ పెట్టాలో చూపించాను. ఆవిడ బుద్ధిగా నేర్చుకున్నారు. గరిటె తిప్పేదాకా రాలేదు గానీ, రెండు వారాల్లో పెరుగన్నం చిందకుండా తినగలిగారు. ఒకరోజు తినడం అయ్యాక కొండ మీది గుడి గంట వినిపించింది. ఎడమచెయ్యి కొంచెం ఎత్తి ఆపేశారు.

"ఈ చేత్తో సిలువ గుర్తు వేసుకుంటే ప్రభువు ఏమన్నా అనుకుంటాడంటావా?"

"ఏమనుకుంటాడండీ? ఎవరి వాటం ఏంటో ఆయనకి తెలీదా?"

"నాకు రాదే. ముందు ఏ భుజం?"

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి నేను కూడా కుడిచేత్తోనే వేసుకున్నాను. గుళ్ళో ఈ చెయ్యి ఎప్పుడూ కొంగులోనే ఉండేది. ఆవిడ కుర్చీ పక్కన చప్టా మీద కూర్చుని, మొదటిసారి నా ఎడమచెయ్యి నుదుటికి ఎత్తాను. ఆవిడ నా చేతినే చూస్తూ, చిన్నపిల్లలా నెమ్మదిగా తన చెయ్యి కూడా నుదుటికి తెచ్చుకున్నారు.