చామంతి పాలు చేపిన రోజు

2020 ఎండాకాలం. పలమనేరు దగ్గర ఒక పల్లెలో పశుసంవర్ధక సహాయకురాలిగా నేను చేరి ఏడాది కూడా నిండలేదు. లాక్‌డౌన్‌లో హోటళ్లు, టీ కొట్లు మూతపడ్డాయి. పాల వ్యాన్ ఒక్క పూటే వచ్చేది. దాణా ధర మాత్రం పెరుగుతూ పోయింది.

పాడి రైతులకు కరోనా సాయంగా సబ్సిడీ దాణా ఇస్తారన్న ఉత్తర్వు మాకు అందేసరికి వానలు మొదలయ్యాయి. చెవికి ట్యాగ్ ఉన్న పశువుకే దాణా. ట్యాగ్ అంటే పసుపు రంగు బిళ్ల. దానిమీది నంబరే పశువుకు గుర్తింపు. ఆ కబురు పట్టుకుని సంబరంగా రత్నమ్మ ఇంటికి వెళ్లాను. ఆమెది ఒంటరి బతుకు. చామంతి అనే జెర్సీ ఆవే తోడు.

కొట్టం ఖాళీగా ఉంది.

"అమ్మేసినాను పాపా. మేపు లేక దాని ఎముకలు తేలినాయి. నా కండ్ల ముందరే పడిపోతాదేమోనని భయమేసింది. దళారి తోలుకోని పోయినాడు."

"ఆవు లేకుంటే దాణా ఇవ్వడానికి లేదక్కా."

"నాకెందుకు దాణా? అది యాడుండాదో నీ ఫోన్లో తెలస్తాదా?"

తెలియలేదు. దాని ట్యాగ్ నంబరు ఆమె ఎక్కడా రాసిపెట్టుకోలేదు. తర్వాత ఎప్పుడు ఎదురుపడ్డా ఆమె అడిగేది అదొక్కటే.

చలికాలంలో గాలికుంటు టీకాలు వేయడానికి నన్ను పక్క మండలానికి పంపారు. అక్కడ ఫర్జానా అనే కొత్త కోడలి కొట్టంలో ఒక ఆవు ట్యాగ్ నంబరు ఫోన్‌లో కొడితే, పాత యజమానిగా రత్నమ్మ పేరు వచ్చింది.

"పాలు ఎగజేపుతా ఉండాది మేడమ్," అంది ఫర్జానా. "సంతకు తోలేద్దామంటుండాడు మా ఆయన."

ఎగజేపడమంటే పాలు వదలకుండా పైకి పట్టేసుకోవడం. అలా పట్టేస్తే పొదుగు వాస్తుంది.

ఆదివారం రత్నమ్మను స్కూటర్ మీద తీసుకెళ్లాను. దారి పొడుగునా ఒకటే మాట: "నేను అడిగితే నాకే ఇస్తారు గదా?"

కొట్టం బయట నిలబడి "చామంతీ" అని పిలిచింది. ఆవు చెవులు రిక్కించి, పలుపు తెంచుకునేలా ఇటు తిరిగింది. రత్నమ్మ దాని గంగడోలు నిమిరింది. తర్వాత ఎడమ పక్కన కూర్చుని, డొక్క మీద తల ఆనించి పొదుగు తడిమింది. పాలు జలజలా దిగాయి. పుస్తకాల్లో దీన్ని మిల్క్ లెట్‌డౌన్ అంటారు. బెదురు లేనప్పుడే ఆవు చేపుతుంది.

రత్నమ్మ సగం పితికి ఆగింది. నునుపు తేలిన ఆవు వీపును, మూలనున్న సబ్సిడీ దాణా బస్తాలను, పెరట్లోని పచ్చగడ్డిని చూసింది.

"రా బిడ్డా, ఈ పక్క కూచో. తల ఇట్ట ఆనించు. నీ ఊపిరి దానికి తెలియాల. ఊరికే పిలస్తా ఉండు," అని ఫర్జానాను తన చోట కూర్చోబెట్టింది. కాసేపటికి ఫర్జానా చేతికీ పాలు దిగాయి.

తిరుగు దారిలో ఉండబట్టలేక అడిగాను: "కొనుక్కుంటానని అడగనే లేదేమక్కా?"

"నా కాడికి తెచ్చుకుంటే మళ్లా ఎండాకాలం వస్తాది గదా పాపా."

ఆమె నుదురు నా భుజానికి ఆనింది. ఊరు చేరేదాకా ఎత్తలేదు.

ఉత్తర్వు వచ్చాక వెళ్లడం ఎవరైనా చేయగల పని. గడ్డివాము తరుగుతున్నప్పుడే వెళ్లాలని రత్నమ్మ వల్ల తెలిసింది. ఇప్పుడు ఏ కరువు జాడ కనబడినా ముందు ఇల్లిల్లూ తిరిగి, "అమ్మే ఆలోచన ఉంటే నాకొక మాట చెప్పండి" అంటాను. కొందరు చెబుతారు. అప్పుడు దాణాకో గడ్డికో దారి వెతుకుతాను. ఒక్కోసారి ఆవు నిలుస్తుంది.